బస్సు తిరగడానికి ఎన్ని సెకన్లు

కరియోబంగి, నైరోబి
ఫిబ్రవరి 9

కిథేకా అన్నకు,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు పంపిన ల్యాప్‌టాప్ మీదే ఈ ఉత్తరం పెట్టి, అదే అట్టపెట్టెలో, అదే బస్సు పార్సిల్‌లో తిప్పి పంపుతున్నాను. ముందు ఉత్తరం చదువు. ఆ తర్వాతే దాన్ని మళ్లీ దుకాణంలో పెట్టి ఇంకో అమాయకుడికి అంటగట్టు.

ఫోన్‌లోనే తిట్టొచ్చు. కానీ ఫోన్‌లో నువ్వు నన్ను నవ్విస్తావు, పెట్టేశాక గానీ దేనికి చేశానో గుర్తు రాదు. కాగితం మీదైతే నా మాట పూర్తయ్యేదాకా నువ్వు నోరు తెరవలేవు.

నిన్న మా యార్డు యజమాని గిచూరు ఇద్దరు బేరగాళ్లను వెంటబెట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. ముప్పై మూడు సీట్ల మటాటు బస్సు కట్టించుకుంటారట. లారీ ఛాసిస్ కొని తెచ్చి, దాని మీద మా చేత బస్సు బాడీ కట్టించుకునే రకం. "మా పిల్ల కంప్యూటర్లో బస్సు మొత్తం గీసింది, చుట్టూ తిప్పి చూపిస్తుంది చూడండి" అన్నాడు. నేను మౌస్ పట్టుకుని తిప్పాను. తెర తెల్లబడిపోయింది. వాళ్లకు టీ వచ్చింది. టీ అయిపోయింది. మందాజీ బూరెలు కూడా అయిపోయాయి. బస్సు ముక్కు ఇంకా ఎటు ఉన్నది అటే ఉంది.

"బస్సు షెడ్డు దాటకముందే ట్రాఫిక్‌లో ఇరుక్కుంది" అన్నాడు గిచూరు. ముగ్గురూ నవ్వారు. నేను నవ్వలేదు.

నీకు తెలుసు కదా, నేను ఈ యార్డులో రెండేళ్లు గ్రైండర్ పట్టుకున్నాను. చెవుల్లో ఆ మోత ఇప్పటికీ ఉంది. సాయంత్రాలు నెట్ సెంటర్‌లో కూర్చుని, వీడియోలు చూసి డ్రాయింగ్ నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. ఇన్నాళ్లూ మా గథోగో ముసలాయన యార్డు నేల మీద సుద్దముక్కతో బస్సు నిలువెత్తు బొమ్మ గీసేవాడు, దాని మీదే ఇనుము పరిచి వెల్డింగ్ చేసేవాళ్లం. ఇప్పుడు సుద్ద చెల్లదు. కంప్యూటర్ డ్రాయింగ్ మీద ముద్ర పడితేనే బండికి నంబర్ ప్లేటు. అందుకే నాకు ఈ బల్ల దక్కింది. లేకపోతే నా మొహం చూసి ఇచ్చేవారా?

ఈ బస్సు కాగితాలు ఏప్రిల్ నెలాఖరుకి అనుమతి కార్యాలయంలో ఉండాలి. గిచూరు నాకు ఏప్రిల్ పదిహేను దాకా గడువిచ్చాడు. అప్పటికి కాకపోతే వెస్ట్‌లాండ్స్‌లో డిగ్రీ ఉన్నవాళ్ల ఆఫీసుకి ఇచ్చేస్తాడు. "నువ్వు మళ్లీ గ్రైండర్ దగ్గరికి వెళ్లిపో. గ్రైండర్‌కి ప్రాసెసర్ అక్కర్లేదు" అన్నాడు. ఆ మాట నవ్వుతూ అనలేదు.

ఇక నీ మెషీన్ సంగతి. పైన తళతళలాడే ఐ-సెవెన్ స్టిక్కరు. లోపల ఏడో తరం చిప్పు, పేరు చివర U అక్షరం, కోర్లు రెండంటే రెండు. ముప్పై మూడు మందిని రెండు సిలిండర్లతో లిమురు గుట్ట ఎక్కిస్తావా నువ్వు? నాకు ఎనిమిది కావాలి. ఎనిమిదికి ఒక్కటి తగ్గినా పంపకు.

కటుంగే


మ్వెంబే తయారీ వీధి, మొంబాసా
ఫిబ్రవరి 17

కోపాల చెల్లికి,

ఎలా ఉన్నావని నేను అడుగుతున్నాను. మీ పెద్దమ్మ, అంటే మా అమ్మ, కూడా అడగమంది. నీ ఉత్తరం చదివి వినిపిస్తే "దీన్ని పెళ్లి చేసుకునేవాడు హెల్మెట్ పెట్టుకోవాలి" అంది.

స్టిక్కరు నేనే అంటించాను. తప్పు ఒప్పుకుంటున్నాను. అయినా లోపల ఉన్నది సెవెనే కదా, వాడి వయసు మాత్రమే దాచాను. ఈ వీధిలో నలభై దుకాణాలున్నాయి, నలభైలోనూ స్టిక్కర్ల చుట్ట ఉంది. ఓడలో పాత ల్యాప్‌టాప్‌లు వచ్చేసరికి స్టిక్కర్లు ఊడిపోయి ఉంటాయి. జనం ఏం చేస్తారంటే, మూత తీయకముందే స్టిక్కరు చూస్తారు. ఫైవ్ అని ఉంటే మొహం తిప్పేసుకుంటారు. మొన్న ఒకాయన కొడుకు చదువుకని వచ్చాడు. నేను మంచి మెషీన్ చూపిస్తే, "మా పక్కింటి వాళ్లది సెవెన్" అన్నాడు. నేనేం చేయను? ఆ మెషీన్‌నే లోపలికి తీసుకెళ్లి సెవెన్ చేసి తెచ్చాను. ఆయన ఆనందంగా వెళ్లాడు.

నీతో అలా చేయకూడదు. సరే.

నువ్వడిగిన ఎనిమిది పంపుతున్నాను. బరువు చూసి భయపడకు, ఇనుప పెట్టెలా ఉంటుంది. దీని మీద చపాతీ కూడా కాల్చుకోవచ్చు, అంత వేడి. కోర్లు లెక్కపెట్టుకో, ఎనిమిది గళ్లు కనిపిస్తాయి. ఇక నీ బస్సు లిమురు గుట్ట కాదు, కిలిమంజారో ఎక్కుతుంది.

నీ అన్న,
కిథేకా


కరియోబంగి
మార్చి 2

అన్నా,

ఎక్కలేదు.

నీ ఇనుప పెట్టె కూడా వెనక్కి వస్తోంది. మొదటిదానికంటే ఇదే నెమ్మది. ఫ్యాను మోతకి గథోగో ముసలాయన అవతలి షెడ్డులోంచి "కంప్రెసర్ ఎవరు ఆన్ చేశారు" అని కేకేశాడు.

ఈసారి తిట్టడానికి ముందు కూర్చుని చూశాను. మెషీన్ లోపల ఏం జరుగుతోందో చూపించే కిటికీ ఒకటుంది, తెరిచాను. ఎనిమిది గళ్లు. బస్సును తిప్పాను. ఒక్క గడి పైదాకా నిండింది. మిగతా ఏడూ అడుగున పడుకున్నాయి. మొత్తం మీద వందకి పదమూడు వంతులు పని చేస్తోందని చూపించింది. అంటే ఎనిమిది మంది కూలీలను పిలిస్తే ఒకడు ఇనుము మోస్తున్నాడు, ఏడుగురు పక్కన కూర్చుని చెరుకు నములుతున్నారు. ఇంకా వెతికితే తెలిసింది, అవి ఎనిమిదీ కావట. నిజానికి నాలుగే, ఒక్కొక్కడూ రెండు టోపీలు పెట్టుకుని ఇద్దరిలా కనిపిస్తున్నాడు. పదకొండేళ్ల కిందటి చిప్పు.

తెలుసుకున్నది ఇదీ. డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ బస్సును గీసేటప్పుడూ తిప్పేటప్పుడూ దాదాపు పనంతా ఒక్క కోరు మీదే వేస్తుంది. రంగులూ నీడలూ వేసి ఫోటోలాంటి బొమ్మ తీసేటప్పుడు మాత్రమే అందరినీ లేపుతుంది. నాకు ఫోటో అక్కర్లేదు, డ్రాయింగ్ కావాలి. కాబట్టి ఎంతమంది ఉన్నారన్నది కాదు, ఆ ఒక్కడు ఎంత చురుకన్నది చూడాలి. నేను ఇంజిన్ సిలిండర్లు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టాను. మా యార్డులో అందరూ అంతే. గిచూరు కూడా "ఎనిమిదా, సరే, గట్టిది" అని తల ఊపాడు. నేను తప్పు లెక్కపెట్టాను. ఈ వాక్యం రెండోసారి రాయను, కావాలంటే దాచుకో.

ఇక స్టిక్కర్లు వద్దు, మాటలు వద్దు, పరీక్ష పెడదాం. ఈ పెట్టెలో పెన్ డ్రైవ్ ఉంది, అందులో నా బస్సు ఉంది. నీ దుకాణంలో ర్యామ్ ఎనిమిది జీబీకి తగ్గని ప్రతి మెషీన్ మీదా తెరువు. బస్సును ఒక పూర్తి చుట్టు తిప్పు. ఎన్ని సెకన్లు పట్టిందో చేతి గడియారం చూసి రాయి. తర్వాత సేవ్ చెయ్యి, అదీ రాయి. చిప్పు పూర్తి పేరు మెషీన్ లోపల చూసి రాయి, స్టిక్కరు చూసి కాదు. తరం ఎన్నోది, చివర U ఉందా H ఉందా రాయి. U అంటే కరెంటు పొదుపు చేసేది, H అంటే గట్టిగా తినేది. అన్నిటికీ చార్జరు గుచ్చి ఉంచు, బ్యాటరీ మీద కొన్ని మెషీన్లు బద్ధకిస్తాయి.

నలభై నాలుగు రోజులున్నాయి. గిచూరు రోజూ నా బల్ల పక్కనుంచి వెళ్తూ "తిరిగిందా" అని అడుగుతున్నాడు. వెల్డింగ్ వాళ్లు కూడా ఆ మాట పట్టుకున్నారు. కూర కలుపుతూ కూడా ఒకడు గరిటె చూపించి "ఇదిగో, తిరిగింది" అంటున్నాడు.

కటుంగే


మొంబాసా
మార్చి 14

కటుంగేకు,

పరీక్ష పెట్టాను. మూడు రోజులు పట్టింది. నా దుకాణంలోవి తొమ్మిది, పక్క దుకాణం సలీం దగ్గర అరువు తెచ్చినవి రెండు.

నువ్వు వెనక్కి పంపిన మొదటి సెవెన్: బస్సు ఒక చుట్టుకి నూట పన్నెండు సెకన్లు. ఇనుప పెట్టె: నూట ఇరవై ఒకటి. సలీం దగ్గరిది పదో తరం, చివర H, వీధిలో అందరూ కన్నేసినది: నలభై తొమ్మిది. అన్నిటికంటే ముందు వచ్చింది ఎవరూ అడగని ఒక బూడిద రంగు మెషీన్. పదకొండో తరం ఫైవ్. నలభై నాలుగు. మూత మీద గీతలున్నాయని మూడు నెలలుగా అడుగున పడి ఉంది. మిగతావి వేరే కాగితం మీద రాశాను.

సేవ్ చేయడానికి ఫైవ్ మీద కూడా రెండు నిమిషాల పైనే పట్టింది.

ఫైవ్ పంపుతున్నాను. వాడుకో. ఇంతకంటే మంచిది ఇప్పుడు వీధిలో లేదు.

అమ్మ బాగానే ఉంది.

కిథేకా


కరియోబంగి
మార్చి 24

అన్నా,

ఫైవ్ అందింది. మిగతా రెండిటికంటే నయం. అబద్ధం ఎందుకు చెప్పాలి, పని సాగుతోంది. ఒక్కో గీత గీసి దేవుడి దయ కోసం చూడడం లేదు. కానీ సేవ్ నొక్కితే వెళ్లి చేతులు కడుక్కుని రావొచ్చు. నిన్న రెండుసార్లు చచ్చి లేచింది, పొద్దున్నుంచి చేసినదంతా పోయింది.

గిచూరు వచ్చి మూత మీద ఫైవ్ స్టిక్కరు చూశాడు. "బేరగాళ్లు వచ్చే చోట ఇదా పెట్టేది? తన బండికి ఆరు స్పీకర్లు అడిగేవాడు ఫైవ్ చూస్తే అడ్వాన్సు ఇస్తాడా" అన్నాడు. గ్రైండర్ బ్లేడుతో స్టిక్కరు గీకేశాను. ఇప్పుడు అది ఏదీ కాదు. ఏదీ కాకపోతే గొడవ లేదు.

వెస్ట్‌లాండ్స్ ఆయన నిన్న వచ్చాడు. టై కట్టుకున్నాడు, బూట్లకి గ్రీజు అంటకుండా అట్టముక్కల మీద అడుగులేశాడు. పేరు ఇంజినీర్ మురేగా. ఛాసిస్ కొలతలు తీసుకున్నాడు. "ఎందుకైనా మంచిదని" అన్నాడు గిచూరు నాతో. అంటే నా గడువు ఇంకా అవ్వలేదు, నా వారసుడు మాత్రం వచ్చేశాడు.

ఇప్పుడు అసలు విషయం. నీ పోయిన ఉత్తరంలో ఒక్క జోకు లేదు. నువ్వు అన్నం లేకుండా ఉండగలవు, జోకు లేకుండా ఉత్తరం రాయలేవు. చివర్లో అమ్మ బాగుందని రాశావు. ఎప్పుడైనా అలా రాశావా? పదకొండు మెషీన్లలో ఒక్కటి కూడా నలభై సెకన్లకి తగ్గలేదు. వీడియోల్లో ఊళ్లకి ఊళ్లే గీసి గిరగిరా తిప్పుతున్నారు, నా ఒక్క బస్సు తిరగదా? పదకొండూ పాడైపోయాయా?

నువ్వేదో దాస్తున్నావు. చెప్పు.

కటుంగే


మొంబాసా
మార్చి 30

చెల్లీ,

చెప్తాను. తిట్టుకుంటూనే చివరిదాకా చదువు.

పరీక్ష రెండో రోజు దుకాణానికి జుహూరా అని ఒకామె చార్జరు కోసం వచ్చింది. ఇక్కడ పడవల మరమ్మతు యార్డులో డ్రాయింగులు గీస్తుంది. పన్నెండేళ్ల అనుభవం. నేను బస్సు తిప్పి గడియారం చూసుకుంటుంటే కాసేపు నిలబడి చూసింది. "ఏంటి బాబూ, మెషీన్‌కి జ్వరం చూస్తున్నావా" అంది. సంగతి చెప్పాను. ఎవరు గీశారంటే ఒక కస్టమర్ అమ్మాయి అన్నాను. నీ పేరు చెప్పలేదు.

ఆమె మౌస్ తీసుకుని బస్సు పక్క రేకు దగ్గరికి వెళ్లింది. ఇంకా దగ్గరికి. ఇంకా. ఒక రివెట్ కనిపించింది. గుండ్రటి తల, మెడ, లోపలి వైపు నలిగిన అంచు, కింద వాషరు. పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. లెక్కపెట్టే బటన్ ఏదో నొక్కింది. అయిదు వేల ఎనిమిది వందల నలభై. ఒక్కొక్కటీ విడివిడిగా, ఉలితో చెక్కినట్టు.

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. "ఈ పిల్ల భుజం మీదుగా ఎవరూ ఎప్పుడూ తొంగి చూసినట్టు లేదు" అంది. "మెషీన్లను ఎందుకు తిడుతున్నారు? ఇన్ని తలకాయలు తిప్పమంటే ఏదైనా చస్తుంది" అంది. రివెట్లన్నీ ఒక్క నొక్కుతో దాచేసి బస్సును తిప్పింది.

నీ మొదటి సెవెన్ మీద, చెల్లీ. నువ్వు తిట్టి పంపిన రెండు కోర్ల ముసలివాడి మీద. ఆరు సెకన్లు. ఫైవ్ మీద రెండు.

రివెట్ ఒక్కటి గీసి, మిగతా చోట్ల ఇంటూ గుర్తు పెట్టి, పక్కన సైజు రాస్తే చాలట. అందరూ అలాగే చేస్తారట. ఎలాగో ఆమె చిన్న కాగితం మీద రాసిచ్చింది, ఇందులో పెట్టాను.

ఎందుకు దాచానంటావు. మొదటి కారణం, నువ్వు నమ్మేది ఒక్కటే, తప్పు మెషీన్‌ది అని. అది కాదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. నీకు నేర్పినవాళ్లు లేరు, అందుకే నీకు తెలియదు అని ఎవరైనా అంటే నువ్వేమవుతావో నాకు తెలుసు. రెండోది చెప్పడానికి సిగ్గుగా ఉంది. నాకూ ఏమీ తెలియదు. ఆరేళ్లుగా ల్యాప్‌టాప్‌లు అమ్ముతున్నాను, ఒక్కదాని మీదా ఒక గీత గీసి చూడలేదు. నువ్వు ఎనిమిది అంటే ఎనిమిది, ఫైవ్ అంటే ఫైవ్. తెలిసినవాడిలా ఇంకొన్నాళ్లు నీకు కనిపిద్దామనుకున్నాను.

కిథేకా


కరియోబంగి
ఏప్రిల్ 3

కిథేకా,

పద్నాలుగున ఉత్తరం రాశావు. అప్పటికే నీకు తెలుసు. ముప్పైన చెప్పావు. పదహారు రోజులు. నాకు మిగిలిన రోజుల్లో సగం తిన్నావు. ఆ పదహారు రోజులూ నేను రెండు నిమిషాల చొప్పున తెర ముందు కూర్చున్నాను, నువ్వు అక్కడ దుకాణంలో నా పరువు కాపాడుతూ కూర్చున్నావు. నా పరువు కాపాడమని నేను అడిగానా? మెషీన్ అడిగాను.

ఆ జుహూరాకి చెప్పు. నేను తెలియక గీయలేదు. గథోగో ముసలాయన దగ్గర నేల మీద నేర్చుకున్నాను. ఆయన నేల మీద ప్రతి రివెట్‌కీ గుర్తు పెడతాడు. ఇరవై ఏళ్ల కిందట ఒక బస్సుకి ఒక వరుస సుద్ద చెరిగిపోయింది, కొట్టేవాళ్లు ఆ వరుస కొట్టలేదు, వోయి ఊరికి వెళ్లే దారిలో గాలికి పైకప్పు లేచిపోయింది. అప్పట్నుంచీ మా యార్డులో గుర్తు లేని రివెట్ ఎవడూ కొట్టడు. ఆ నేలను నేను కంప్యూటర్లోకి తెచ్చాను. కాలేజీ వాళ్లకి నేల తెలియదు. మా పని మాకు తెలుసు.

ఆమె కాగితం చదివాను. చేస్తున్నాను. చేయకపోతే నాకు గతి లేదు కాబట్టి చేస్తున్నాను.

నువ్వు రాయకు.

కటుంగే


మొంబాసా
ఏప్రిల్ 9

రాయొద్దన్నావు, రెండు ముక్కలే.

నీ పరీక్ష కాగితం పెద్దక్షరాలతో రాసి దుకాణంలో గోడకి అంటించాను. స్టిక్కర్ల చుట్ట సలీంకి ఇచ్చేశాను, ఉచితంగా, వాడు అనుమానంగా చూశాడు. మొన్న ఇల్లు కట్టించే మేస్త్రీ ఒకడు తన డ్రాయింగ్ తెచ్చి "ఇది తిప్పి చూపించు, తర్వాతే కొంటాను" అన్నాడు. తిప్పాను. ఆయన ఫైవ్ తీసుకెళ్లాడు. ఆ తర్వాత వచ్చిన ముగ్గురు గోడ చదివి, ఏమీ కొనకుండా వెళ్లిపోయారు.

పదిహేనో తారీఖుకి ఆరు రోజులే ఉంది. ఏమైందో కబురు చెయ్యి. తిట్టే ఉత్తరమైనా సరే.

కిథేకా


కరియోబంగి
ఏప్రిల్ 26

అన్నా,

అన్నా అనే రాశాను, చూసుకో. కోపం పోలేదు, వేరేవాళ్ల మీదికి మళ్లింది.

రివెట్లు తీసి ఇంటూ గుర్తులు పెట్టడానికి నాలుగు రోజులు పట్టింది. నాలుగో రోజు బస్సును తిప్పాను. తిరిగింది. ఎంత తేలిగ్గా తిరిగిందంటే చెయ్యి జారి మూడు చుట్లు కొట్టింది. సంతోషం రాలేదు. ఎనిమిది నెలల పనిని చీపురుతో ఊడ్చినట్టు అనిపించింది.

గథోగో ముసలాయనను పిలిచాను. ఎవరైనా నా వైపు ఉంటారంటే ఆయనేనని. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "రివెట్లు తీసేయమన్నారు, ఇంటూలు పెట్టమన్నారు" అన్నాను.

"మరి నేను పెట్టేదేంటి?" అన్నాడు.

"అంటే?"

"నలభై ఏళ్లుగా నేల మీద నేను పెట్టేది ఇంటూయే కదే. రెండు గీతలు. ఎప్పుడైనా రివెట్ బొమ్మ గీశానా? నువ్వేదో తల, మెడ, వాషరు అంటూ ముద్దుగా చెక్కుతుంటే, కంప్యూటర్‌కి అలా కావాలేమో అనుకుని ఊరుకున్నాను."

రెండేళ్లు ఆ ఇంటూల మీదే కాళ్లు పెట్టి నడిచాను అన్నా. "ఎవరి కోసం అంత చెక్కావే?" అని అడిగాడు. ఎవరి కోసమో నాకు తెలుసు. టై కట్టుకున్నవాడెవడో ఒకరోజు వచ్చి చూస్తాడు, ఇది లేదు అది లేదు అంటాడు, ఆ మాటకి చోటు ఉండకూడదని చెక్కాను. నీకు రాసిన ఉత్తరంలో నేలా గీలా అని చాలా రాశాను. అది చించెయ్యి.

పదిహేనో తారీఖు గిచూరు రెండు డ్రాయింగులూ బల్ల మీద పరిచాడు. నాదీ, మురేగాదీ. మురేగాది చూడ్డానికి చాలా శుభ్రంగా ఉంది. అక్షరాలన్నీ ఒకే ఎత్తు. గిచూరు దాన్నే పట్టుకుని చూస్తున్నాడు. నేను ఆయన చేతి కింద నుంచే చూశాను. బస్సు పక్కల నిలువు ఇనుప పక్కటెముకలు డెబ్బై సెంటీమీటర్లకొకటి పెట్టాడు. ఏడు మీటర్ల బస్సు, పది భాగాలు, కాగితం మీద అందంగా వచ్చింది.

"సార్, రేకు వెడల్పెంత?" అన్నాను.

మురేగా నా వైపు చూడలేదు. "మీరు వాడేది ఏదైతే అది."

"మేము వాడేది బజార్లో దొరికేది. నాలుగడుగులు. నూట ఇరవై రెండు సెంటీమీటర్లు. మొదటి రేకు నూట ఇరవై రెండు దగ్గర అయిపోతుంది. మీ ఎముకలు డెబ్బై దగ్గర ఒకటి, నూట నలభై దగ్గర ఒకటి. రేకు అంచు గాల్లో ఉంది. రివెట్ దేనికి కొట్టాలి?"

గథోగో ముసలాయన వెనక నుంచి దగ్గాడు. అది దగ్గు కాదు. గిచూరు టేపు తెచ్చి కాగితం మీద కాదు, బయట రేకు మీద కొలిచి వచ్చాడు. నావి అరవై ఒకటికొకటి ఉన్నాయి, ప్రతి రెండోదాని మీదా అంచు కూర్చుంటుంది. అంత తెలివి నాకెక్కడిదనుకున్నావు? ఒక్కో రివెట్‌కీ మెడ గీస్తే, ఆ మెడ ఎందులోకి దిగుతోందో చూడక తప్పదు. పనికిరాని పని చేసి తెలుసుకున్నాను. ఇంటూలు పెట్టి మొదలుపెట్టినా తెలిసేదేమో, నాకు తెలియదు. గొప్పగా చెప్పుకోను.

బల్ల నాకే ఉంది. గిచూరు అన్నది ఒకటే: "నీది పంపుదాం. ముద్ర మాత్రం ఆయనది కావాలి." చట్టం అంతేనట, డిగ్రీ ఉన్నవాడి ముద్ర లేకుండా కాగితం లోపలికి పోదు.

డ్రాయింగ్ అడుగున గళ్ల పెట్టె ఉంటుంది కదా. గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. మూడిట్లోనూ మురేగా పేరే పెట్టమన్నాడు గిచూరు. "ఆఫీసువాళ్లకి ఒకే పేరుంటే గొడవ ఉండదు" అని. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే ఏం చేస్తావన్నాడు. ఏం చేస్తానో నాకూ తెలియదు, అలాగే కూర్చున్నాను. మౌస్ ముట్టుకోలేదు. యార్డంతా ముద్ర కోసం ఆగి ఉంది, నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. నువ్వు చూసి ఉంటే నవ్వేవాడివి.

చివరికి మాట్లాడింది మురేగాయే. నా డ్రాయింగ్ పేజీలు తిప్పి తిప్పి చూశాడు. ఇంటూల వరుసల మీద వేలు పెట్టుకుని వెళ్లాడు. తర్వాత చాలా మర్యాదగా, గిచూరుతో, నాతో కాదు, "గీసినవారు గడిలో నా పేరు వద్దు" అన్నాడు. "రేపు పైకప్పు లేచిపోతే నన్ను నిలబెట్టి ఇందులో రివెట్లెన్ని అని అడుగుతారు. నాకు తెలియదు. ఈ అమ్మాయికి తెలుసు. ఆమె పేరే ఉండనీ."

నా పని నచ్చి కాదు. జాలి పడి కాదు. తను ఇరుక్కోకూడదని. ఆ గడి నాకు భయంతో ఇచ్చారు అన్నా, దీని గురించి నేను ఎంతసేపు మండిపడ్డానో నీకు చెప్పలేను. తర్వాత తీసుకున్నాను. వదిలేస్తే ఇంకెవరో పూరిస్తారు.

కొత్త మెషీన్ వద్దు, ఈ ఫైవ్ చాలు. జుహూరా చిరునామా పంపు. తర్వాతి బస్సు యాభై ఒక్క సీట్లది, అది సగం గీయగానే ఆమెకి పంపి చూడమంటాను. తప్పులుంటే నాకే రాయమను, నీకు కాదు.

గడి చిన్నది. మురేగా లాంటి పొట్టి పేర్లకి సరిపోతుంది. కటుంగే ముతిస్యా కిలోంజో అని కొడితే చివరి మాట గీత దాటి బయటికి వచ్చింది. మురేగా పక్కనే ముద్ర పట్టుకుని నిలబడి "కటుంగే చాలు కదా" అన్నాడు. అక్షరాలు చిన్నవి చేశాను. ఇంకా చిన్నవి చేశాను. మూడు మాటలూ పట్టాక సేవ్ నొక్కాను. రెండు సెకన్లు పట్టింది.

కటుంగే ముతిస్యా కిలోంజో